రికార్డు పుస్తకంలో నిజం రాసిన పిల్ల

కంప్యూటరు ప్రాక్టికల్ పరీక్ష రోజున, బయటి స్కూలు నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎదుట, నలభై ఒక్క రికార్డు పుస్తకాలను రెండు చేతులతో ఎత్తి నేలకేసి కొట్టి, "ఇవన్నీ అబద్ధాలు! నిజం రాసింది ఒక్క పిల్లే!" అని గర్జించినవాణ్ని నేను. ఆ గర్జనకి పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగిన బస్సుల్లోవాళ్లు సైతం తలలు బయటపెట్టి చూశారని చెప్పుకునేవారు. చెప్పుకున్నదెవరంటే, నేనే.

ఈ కథ ఇప్పటికి చాలాచోట్ల చెప్పాను. అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో చెప్పాను, పెళ్లి భోజనాల బంతిలో చెప్పాను, ఒకసారి పళ్ల డాక్టరు నోరు తెరవమనే లోపు ఆయనకీ చెప్పాను. నోటితో చెప్పేటప్పుడు గర్జన ఎంత పెద్దదైనా ఎవరూ ఆపరు. కాగితం మీద పెట్టేసరికి చెయ్యి ఆగుతోంది. అసలు జరిగింది వేరు. అదీ చెబుతాను, కాకపోతే వరసలో చెప్పనివ్వండి. బడుల్లో కంప్యూటరు పాఠం చెప్పడానికి కొత్తగా చేరిన కుర్రాళ్లూ అమ్మాయిలూ, ఇది మీకోసమే రాస్తున్నాను. మీకు కోపం రావాలని రాస్తున్నాను. నాకు కోపం వచ్చేనాటికి ఉద్యోగం అయిపోయింది.

నన్ను ఎవరైనా కదిపితే "అమీర్‌పేటలో సగంమందికి కంప్యూటరు నేర్పింది నేనే" అంటూ ఉంటాను. ఆ ముక్క కూడా ఇక్కడే సరిచేసుకుంటాను. నేను మొదట టైపు మాస్టార్ని. టైపు మిషన్లు మూలపడి మా ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో నాలుగు నెలలు సాయంత్రం బ్యాచికి ఉత్తరాలు, పట్టికలు తయారుచేయడం నేర్పాను. ఆ గల్లీలో మెట్ల నుంచి మిద్దె దాకా గోడంతా బోర్డులే. నా పేరు ఒక్క బోర్డు మీదా ఎక్కలేదు. ఆ నాలుగు నెలల అనుభవం కాగితం చూపించి, పంజాగుట్ట వెనక గల్లీలో ఒక ప్రైవేటు హైస్కూల్లో కంప్యూటరు టీచరుగా చేరాను. పందొమ్మిదేళ్లు చేసి అక్కడే రిటైరయ్యాను. నేను చెప్పేది ఆ ఆఖరి ఏడాది సంగతి. ఏడేళ్ల కిందటిది.

మా స్కూల్లో ఏసీ ఉన్న గది ఒక్కటే, అది కంప్యూటర్ ల్యాబ్. అందువల్ల అది ల్యాబ్ తప్ప మిగతావన్నీ అయ్యేది. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులకు చూపించే గది. ఎండలు ముదిరితే ప్రిన్సిపాల్ గారి చుట్టాలు నడుం వాల్చే గది. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు రావాలి. లోపల ఇరవై కంప్యూటర్లు, వాటికి పాత కర్టెన్లు కత్తిరించి కుట్టించిన ముసుగులు. ముసుగులు తీస్తే పనిచేసేవి తొమ్మిది, అదీ మంచి రోజైతే. మిగతావి చూపించడానికి.

దసరాకి ఆయుధపూజ మాత్రం లోటు లేకుండా చేసేవాళ్లం. ప్రతి మానిటరుకీ గంధం, కుంకుమబొట్టు. పూజారిగారు ధారాళంగా అక్షింతలు చల్లేవారు. ఆ ఏడాది ఒక గింజ ఏడో నంబరు కంప్యూటరు కీబోర్డులో 'ఎస్' మీట కిందకి దూరింది. ఆ మీట ఇక దిగలేదు. ఎవరూ తీయలేదు. తీయాలంటే కీబోర్డు విప్పాలి. విప్పాలంటే ప్రిన్సిపాల్ గారి అనుమతి కావాలి. అనుమతి అడగాలంటే పూజ వల్లే చెడిందని ఆయనతో చెప్పాలి. చెప్పే నోరు నాకు లేదు. గర్జించేవాణ్నే, కానీ ఇంట్లో.

ఈ గది తాళాలు ఆయా దగ్గర ఉండేవి. యూసుఫ్‌గూడ నుంచి నడిచొచ్చే మనిషి, ఆ బడిలో నాకంటే పాత. ఏ కంప్యూటరు లేస్తుందో ఏది లేవదో నాకంటే ఆమెకే తెలుసు. "నాలుగో దాన్ని ఇప్పుడే ముట్టకుర్రి సార్. పొద్దుగాల జర అలుగుతది. పదకొండు దాటినంక మంచిగ నడుస్తది" అనేది. అలాగే నడిచేది.

ఇక అసలు సంగతి. ఐటీ అనే ఈ సబ్జెక్టులో సగం మార్కులు రాతపరీక్షకి, సగం చేతికి. చేతికి అంటే కంప్యూటరు ముందు కూర్చుని పని చేసి చూపించినందుకు. పనిచేసే కంప్యూటర్లు తొమ్మిది, పదో తరగతి పిల్లలు నలభై ఇద్దరు. మరి చేతి మార్కులు ఎలా వేయడం? దానికి మా లోకం కనిపెట్టిన ఉపాయమే రికార్డు పుస్తకం.

అట్ట ఉన్న పెద్ద పుస్తకం, దానికి ఖాకీ కాగితం తొడుగు, మీద పేరున్న చీటీ. ఎడమవైపు గీతల్లేని పేజీలో పిల్లలు కంప్యూటరు తెర బొమ్మ గీయాలి, స్కేలు పెట్టి, పెన్సిల్‌తో. ప్రతి చిన్న బొమ్మా, ప్రతి గడీ. మార్కులు కావలసినవాళ్లు స్కెచ్ పెన్నులతో రంగులు కూడా వేసేవారు. కుడివైపు పేజీలో మూడు శీర్షికలు: ఉద్దేశం, విధానం, ఫలితం. మూడూ నేనే తరగతి గదిలో నిలబడి చెప్పేవాణ్ని, వాళ్లు రాసుకునేవాళ్లు. ఆ గదిలో కంప్యూటరు ఉండదు, నల్లబల్ల ఉంటుంది. ఫలితం అన్న చోట ఏ ప్రయోగానికైనా ఒకటే వాక్యం: "పై ప్రయోగం విజయవంతముగా నిర్వహించబడినది."

చెరువు బొమ్మ బాగా గీసినవాడికి ఈతలో మొదటి బహుమతి ఇస్తే మీరేమంటారు? మేం ఏటేటా అదే ఇచ్చేవాళ్లం. ఒక అబ్బాయి ప్రింటర్ బొమ్మ గీశాడు, నీడలతో సహా. చూసి మురిసిపోయి నోటీసు బోర్డుకి అంటించాను. ఆ అబ్బాయికి ప్రింటర్ స్విచ్ ఎక్కడుందో తెలియదు. వాడి తప్పేముంది? ఆ స్విచ్ ముట్టుకోనిచ్చిందెవరు? ప్రింటర్ ప్రిన్సిపాల్ గారి గదిలో ఉండేది.

ఇక నా సంతకాలు. ప్రతి ప్రయోగం కింద తేదీ వేసి సంతకం పెట్టాలి. ఏడాది సంతకాలన్నీ నేను జనవరిలో ఒక మధ్యాహ్నం కూర్చుని పెట్టేసేవాణ్ని. ఒకే రోజు పెట్టినట్టు కనపడకూడదని మూడు పెన్నులు మార్చేవాణ్ని. మధ్యలో ఒక ఆదివారం తేదీ పడకుండా పక్కన క్యాలెండరు పెట్టుకునేవాణ్ని. ఇందులో నన్ను మించినవాడు ఈ నగరంలో లేడు. ఇది కోతలు కాదు.

ఆ ఏడాది ఆ నలభై ఇద్దరిలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్లది కృష్ణానగర్. తల్లి సినిమా షూటింగుల్లో గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు. పిల్లకి లెక్కలు రావు. అర్ధసంవత్సర పరీక్షలో తప్పింది, తర్వాతిదాంట్లోనూ తప్పింది. కానీ మా పరీక్షల్లో ఒక వెసులుబాటు ఉంది. ఐటీ ఆరో సబ్జెక్టు. మిగతా అయిదింటిలో ఒకటి పోయినా, ఐటీలో పాసైతే పోయినదాని బదులు దీన్ని లెక్కలోకి తీసుకుని పిల్లని గట్టెక్కిస్తారు. అంటే ఆ పిల్ల పదో తరగతి నా సబ్జెక్టు మీద ఆధారపడి ఉంది.

డిసెంబర్లో ఒకరోజు తల్లి వచ్చింది. షూటింగ్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, మొహాన వేషం పూర్తిగా పోలేదు.

"సార్, దానికి లెక్కలు ఎక్కయ్. నాకు తెల్సు. మీ కంప్యూటర్ మీదనే ఆశ. టెన్త్ పోయిందంటే వాళ్ల నాన్న ఇగ చదివియ్యడు. నాతోటి షూటింగ్‌లకు తీస్కపోవాలె. కోఆర్డినేటర్ ఇప్పటికే అడుగుతుండు, గుంపుల నిలబడనీకి పిల్లలు కావాల్నని. నేను నిలబడ్డది సాలు సార్. అది నిలబడొద్దు."

"మీరేం బెంగ పెట్టుకోకండమ్మా. ఐటీ నా చేతిలో పని. నేనున్నాను కదా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత గొప్పగా అనిపించిందో! ఇంటికి వెళ్లి మా ఆవిడకి కూడా చెప్పాను.

జనవరిలో రికార్డులు వచ్చాయి. మూడు పెన్నులూ, క్యాలెండరూ సిద్ధం చేసుకుని ఒక్కొక్కటి తిరగేస్తున్నాను. ఆ పిల్ల పుస్తకం తెరిచాను. బొమ్మలు సాధారణంగా ఉన్నాయి. విధానం బాగానే ఉంది. ఫలితం దగ్గర మాత్రం నా వాక్యం లేదు. ఇంగ్లీషులో రాసింది, తెలుగులో చెబుతాను.

మొదటి ప్రయోగం, సెలవు చీటీ తయారుచేయుట. ఫలితం: ఆ రోజు కరెంటు లేదు. చేయలేదు.

రెండోది, పట్టిక గీయుట. ఫలితం: ఒక్క కంప్యూటరుకి ఆరుగురం. నా వంతు వచ్చేసరికి గంట కొట్టారు.

మూడోది. ఫలితం: ఏడో కంప్యూటరులో ఎస్ పడదు. మీట కింద బియ్యపు గింజ ఉంది. ఎస్ లేకుండా చేశాను.

అయిదోది. ఫలితం: ల్యాబ్‌లో ప్రిన్సిపాల్ సార్ చుట్టాలు పడుకున్నారు. చేయలేదు.

తొమ్మిదోది. ఫలితం: వచ్చింది. నమ్మకం లేక మళ్లీ చేశాను. మళ్లీ వచ్చింది.

నాకు చెమటలు పట్టాయి. ఏసీలోనే. పిలిపించాను.

"ఏంటమ్మా ఇది?"

"రికార్డు సార్."

"ఫలితం దగ్గర ఏం రాయమన్నాను?"

"విజయవంతంగ అయిందని రాయమన్నరు సార్."

"మరి?"

"కాలే కద సార్."

"అందరూ రాశారు కదా?"

"ఆల్లకు సుత కాలే సార్. ఊకెనే రాసిన్రు."

ఎదురుచెప్పినట్టు కాదు. టైము ఎంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పింది. అదే నాకు మరీ మండింది. "కొత్త పుస్తకం కొని అంతా మళ్లీ రాసి తీసుకురా. అప్పటిదాకా సంతకం లేదు. సంతకం లేని రికార్డుకి పరీక్ష లేదు" అన్నాను.

"మొత్తం రాయనీకి పది రోజులు పడ్తది సార్. గా పది రోజులు నన్ను ల్యాబ్‌ల కూసోనియ్యిర్రి. అన్నీ చేస్త. అప్పుడు అందరి లెక్కనే విజయవంతంగ అని రాస్త."

ఇంతకన్నా న్యాయమైన బేరం నా సర్వీసులో ఎవరూ పెట్టలేదు. పదిహేనేళ్ల పిల్ల చెప్పింది: నేర్పండి, నేర్చుకున్నానని రాస్తాను. నేనేమన్నానో తెలుసా? "బేరాలాడుతున్నావా?" అన్నాను. పుస్తకం మూసి నా బీరువాలో పడేసి తాళం వేశాను.

కోపం దేనికని ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు మండుతుంది. ఆ పిల్ల తప్పు రాయలేదు. తను చేయలేదని రాసింది, అంతే. అయితే ఆ 'చేయలేదు' అన్న ప్రతిచోటా నా సంతకం పడాలి. పిల్ల చేయలేదు అంటే మాస్టారు చేయించలేదు అని. ఆ పుస్తకంలో పరీక్ష జరిగింది నాకు. అందులో నేను తప్పాను. తప్పినవాడు పేపరు దిద్దిన పిల్ల మీద కోప్పడ్డాడు.

పిల్ల మళ్లీ రాయలేదు. ప్రాక్టికల్ రేపనగా ప్రిన్సిపాల్ గారు పిలిచారు. మా వైపు మనిషే, మర్యాదస్తుడు.

"మాస్టారూ, ప్రాక్టికల్ మార్కులు ఇవాళే బోర్డు సైటులో ఎక్కించేయండి."

"పరీక్ష రేపు కదండీ?"

"పరీక్ష రేపే. మార్కులు ఇవాళ. రేపు సాయంత్రం ఊళ్లో అన్ని స్కూళ్లూ ఒకేసారి ఎక్కిస్తాయి, సైటు తెరుచుకోదు. మీకు తెలియంది ఏముంది?"

"ఎక్స్‌టర్నల్ మేడం ఏమైనా అంటారేమోనండీ."

"ఏమంటారండీ? ఎల్లుండి వాళ్ల స్కూలుకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్లేది మీరే కదా!"

అదీ పద్ధతి. ఈ స్కూలు టీచరు ఆ స్కూలుకి, ఆ స్కూలు టీచరు ఈ స్కూలుకి. వెళ్లిన చోట టిఫిన్ తినాలి, రికార్డులు తిరగేయాలి, సంతకం పెట్టాలి. ఎవరి పిల్లల్ని ఎవరూ ఏడిపించకూడదు. పరీక్ష పేరు చెప్పి రెండు బడులు ఒకరికొకరు పెట్టుకునే విందు అది. పిల్లలకి ఏం వచ్చో తెలుసుకోవాలని ఆ విందులో ఒక్కరూ అనుకోరు.

కూర్చుని ఎక్కించాను. రికార్డు అందాన్ని బట్టి నలభై ఆరు, నలభై ఏడు, నలభై తొమ్మిది. ప్రింటర్ బొమ్మ అబ్బాయికి యాభైకి యాభై. ఆ పిల్ల నంబరు దగ్గర ఆగాను. ఏదో ఒకటి వేయకపోతే పేజీ ముందుకు కదలదు. 'ఏబీ' అని కొట్టాను. పరీక్షకు రాలేదు అని దానర్థం. ఆ సంగతి ఆయాతో పిల్లకి కబురు కూడా చేశాను. భయపడి రాసుకొస్తుంది, వచ్చాక మార్చేద్దాం అనుకున్నాను. సైటుకి తాళం వేయడానికి ఇంకా మూడు రోజుల గడువుంది.

మర్నాడు ఎక్స్‌టర్నల్ మేడం వచ్చారు. ఎర్రగడ్డ వైపు ఒక స్కూల్లో కంప్యూటరు టీచరు. నలభై ఏళ్లుంటాయి, నేత చీర, భుజాన బరువైన సంచి. ఇడ్లీ, వడ, ఉప్మా పెట్టి టేబుల్ సిద్ధం చేశాం.

"తర్వాత తింటానండీ. ముందు పిల్లల్ని చూద్దాం" అన్నారు.

ప్రిన్సిపాల్ గారూ నేనూ మొహాలు చూసుకున్నాం. టిఫిన్ వద్దన్న ఎక్స్‌టర్నల్‌ని పందొమ్మిదేళ్లలో చూడలేదు.

రికార్డుల దొంతర నుంచి ఒకటి తీశారు, చదివారు, మూశారు. ఇంకొకటి. ఇంకొకటి. "అందరికీ అన్నీ విజయవంతమేనా సార్?"

"మా పిల్లలు కష్టపడతారండీ."

"ఇక్కడ నలభై ఒకటే ఉన్నాయి. లిస్టులో నలభై రెండు పేర్లున్నాయి."

"ఒకమ్మాయి రాలేదండీ" అన్నాను.

"వచ్చిన మేడం" అని గుమ్మంలోంచి వినపడింది. చెప్పులు విడిచి, వరసలో అందరికన్నా వెనక నిలబడి ఉంది.

నేను ఏదో సర్దబోయేలోపు ఆయా లోపలికి వచ్చింది. చేతిలో ఆ రికార్డు. "సార్, గీ పుస్తకం మీ బీరువల ఉండిపోయింది. ఊడుస్తుంటె కనబడ్డది" అని నేరుగా మేడం చేతిలో పెట్టింది. తాళం వేసిన బీరువాలో పుస్తకం ఊడుస్తుంటే ఎలా కనబడుతుందని అడిగే పరిస్థితిలో నేను లేను.

మేడం నిలబడే చదివారు. మూడో ప్రయోగం దగ్గర నవ్వారు. అయిదో దాని దగ్గర పైకే నవ్వారు. తొమ్మిదో దాని దగ్గరికి వచ్చేసరికి నవ్వు లేదు.

"ఏడో కంప్యూటరు ఏది?"

ముసుగు తీశాం. పిల్లని కూర్చోబెట్టారు. "మీ స్కూలు పేరుతో తల్లిదండ్రులకి ఒక ఉత్తరం రాయి. ఒకే ఉత్తరం అయిదుగురి పేర్లతో, అయిదు చిరునామాలతో, అయిదు ఉత్తరాలుగా రావాలి. ఒక్కొక్కటి విడిగా కొట్టకూడదు."

నేను వెనకనుంచి చూస్తున్నాను. స్కూలు అని ఇంగ్లీషులో కొట్టాలన్నా మొదటి అక్షరమే ఎస్. పిల్ల ఒక్క క్షణం కూడా ఆగలేదు. తెర మీద ఉన్న ఒక ఫైలు పేరులోంచి ఒక్క ఎస్ అక్షరాన్ని ఎత్తి తెచ్చుకుంది. ఎస్ కావలసిన ప్రతిచోటా ఎడమచేత్తో అది అతికించుకుంటూ, కుడిచేత్తో మిగతా అక్షరాలు కొట్టుకుంటూ పోయింది. కుంటుతున్నట్టు కూడా లేదు, అదే అసలు పద్ధతేమో అన్నట్టుంది. కాసేపటికి అయిదు ఉత్తరాలు తెర మీద వరసగా నిలబడ్డాయి. నేనైతే వేరే కీబోర్డు తెమ్మని అరిచి, అది రాకపోతే ఇంటికి వెళ్లిపోయేవాణ్ని.

"ఇలా చేయడం ఎవరు నేర్పారమ్మా?" అన్నారు మేడం.

"ఎవలు నేర్పలే మేడం. గింజ తియ్యనియ్యలే, గందుకే గిట్ల చేస్తున్న."

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

పిల్ల ఆయా వైపు చూసింది. ఆయా కిటికీ వైపు చూసింది. పొద్దున్నే ఊడ్చే వేళకి ఆయా తలుపు తీస్తే ప్రార్థన గంట దాకా ఆ పిల్ల లోపల కూర్చునేదని అప్పుడు నాకు అర్థమైంది. నేను ఇచ్చి ఉండాల్సిన పది రోజులూ ఆయా ఇచ్చింది.

మేడం నా వైపు తిరిగారు. "సార్, ఈ పుస్తకంలో రాసినవి నిజమేనా?"

నా గర్జన పడాల్సిన చోటు ఇదే. నేను అన్న మాట అక్షరం పొల్లు పోకుండా రాస్తున్నాను: "చిన్నపిల్ల కదండీ, ఏదో తెలియక రాసింది."

ఆ మాట అంటూ వెనక్కి జరిగితే మోచెయ్యి తగిలి టేబుల్ మీది దొంతర కదిలింది. ఏడెనిమిది రికార్డులు జారి కింద పడ్డాయి. ఆయా, నేనూ వంగి ఏరాం. నలభై ఒక్క పుస్తకాలు నేలకేసి కొట్టడమంటే అదీ. పంజాగుట్ట సిగ్నల్ దాకా పోయిన శబ్దమంటే, లేస్తూ టేబుల్ అంచుకి తల కొట్టుకుని "అబ్బా" అన్నాను, అది.

ఆ తర్వాత మేడం సాయంత్రం దాకా కదల్లేదు. తొమ్మిది కంప్యూటర్ల ముందు తొమ్మిదిమంది చొప్పున కూర్చోబెట్టి అందరితో పని చేయించారు. చాలామంది చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ప్రింటర్ బొమ్మ అబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వాడు ఏడుస్తుంటే నాకు మొదటిసారి సిగ్గేసింది. ఏడాదంతా వాణ్ని పొగిడి, ఆ కుర్చీలో అలా కూర్చోబెట్టింది నేనే. మేడం తన కాగితం మీద అసలు మార్కులు వేసుకున్నారు. ప్రిన్సిపాల్ గారు వాటిని చూసి, నెమ్మదిగా, "నిన్ననే ఎక్కించేశామండీ" అన్నారు.

"మరి నన్నెందుకు పిలిచారండీ?" అన్నారు మేడం.

ప్రిన్సిపాల్ గారు టిఫిన్ ప్లేటు ఆవిడ వైపు జరిపారు. ఉప్మా గట్టిపడిపోయి ఉంది. ఆవిడ సంచి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చారు. "మిగతావాళ్ల సంగతి మా బోర్డుకి నేను రాస్తాను, ఏమవుతుందో తెలియదు. ఈ అమ్మాయికి నేను వేసింది నలభై ఎనిమిది. మీరు అక్కడ రాలేదని కొట్టారట. మీ చేత్తోనే మార్చండి సార్."

"తప్పకుండా అండీ" అన్నాను.

మార్చాను. ఆ సాయంత్రమే కూర్చుని, ఏబీ తుడిచేసి నలభై ఎనిమిది కొట్టాను. నా సర్వీసులో ఇన్ని బొంకుల మధ్య తలెత్తి చెప్పుకోగలిగింది ఈ ఒక్కటే. మిగతాదంతా మీరు నమ్మినా నమ్మకపోయినా ఇది మాత్రం నమ్మండి. ఆ వారంలో నా వీడ్కోలు సభ, శాలువా, పూలదండ. తర్వాత ఆ బడి వైపు వెళ్లలేదు. ఆవిడ రాసిన ఉత్తరం ఏమైందో తెలియదు. ఏమీ అయి ఉండదు. ఎందుకంటే ఇప్పటికీ నా మనవరాలి రికార్డు పుస్తకంలో ప్రతి ప్రయోగమూ విజయవంతంగానే జరుగుతోంది. మొన్న అది స్కెచ్ పెన్నుల పెట్టె కొనమంది. ఎందుకని అడిగితే కంప్యూటర్ ప్రాక్టికల్‌కి అంది. నేను ఈ కాగితాలు రాయడం మొదలుపెట్టింది ఆ రోజే.

ఇక్కడి దాకా రాశాక, ఆ అమ్మాయి గురించి రాస్తున్నాను కాబట్టి అడగడం మర్యాద అనిపించింది. ఆయా దగ్గర నంబరు దొరికింది. ఆ పిల్ల ఇప్పుడు ఏదో కంపెనీలో పనిచేస్తోంది. కొత్తగా తయారైన సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ ఏది పనిచేయడం లేదో పట్టుకునే ఉద్యోగం. అమీర్‌పేట మెట్రో కింద టీ కొట్టు దగ్గర కలిసింది. కాగితాలు ఇచ్చాను. నిలబడే చదివింది, గ్లాసు చల్లారిపోయేదాకా.

"మస్తు రాసిన్రు సార్" అంది మధ్యలో ఒకసారి. "బుక్కులు పడ్డప్పుడు నవ్వాపుకోలేక సచ్చిన."

నేను ఉబ్బిపోయాను. "చూశావామ్మా, తప్పులు పట్టుకునే ఉద్యోగమే వచ్చింది నీకు. ఒక రకంగా మన ల్యాబ్ వల్లే..."

ఆమె ఆఖరి కాగితం మీద వేలు పెట్టింది. "గిది కొట్టెయ్యిర్రి సార్."

"ఏదమ్మా?"

"మార్చిన అని రాసిన్రు కద. మార్చలే."

"మార్చానమ్మా. నాకు బాగా గుర్తు."

"గుర్తుంటే ఉండొచ్చు సార్. మీరు మార్చలే. నా మెమోల ఐటీ కాడ ఏబీ అనే ఉన్నది. లెక్కలు సుత పోయినయ్. ఎండాకాలమంత అమ్మతోటి షూటింగ్‌లకు పోయిన, దవాఖాన సీన్ల బెంచీ మీద కూసునే గుంపుల. చున్నీ కింద లెక్కల గైడు పెట్టుకొని చదివిన. జులైల మళ్ల రాస్తే ముప్పై ఆరు వచ్చినయ్. నేను టెన్త్ పాసయింది లెక్కల్ల సార్, మీ ఐటీల కాదు. కాయితం మీద నేను ఇయ్యాల్టికి సుత కంప్యూటర్ పరీక్షకు రానిదాన్నే."